బావమరిది చేతి తాడు

రేవు మ్యూజియం గడప తొక్కనని భీష్మించుకు కూర్చున్న బావమరిది, తీరా ఆ రోజు తెల్లారేసరికి ఎవరూ లేపకుండానే లేచి గడ్డం గీసుకున్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. "ఎక్కడికి?" అని భార్య అడిగితే "ఎక్కడికీ కాదు" అన్నాడు. ఎక్కడికీ కాని చోటికి అంత నున్నగా గడ్డం గీసుకుని వెళ్లే మగాణ్ణి ఆవిడ ఎన్నడూ చూడలేదు గానీ, పోనీలే అని ఊరుకుంది.

అక్క కబురు పెట్టింది. అదీ నేరుగా కాదు, మేనకోడలి చేత ఫోను చేయించింది.

"మామయ్యా, అమ్మ నిన్ను మ్యూజియంకి రమ్మంటోంది. నీతో పనుందట. ఏం పనని నన్నడక్కు, నాకే చెప్పలేదు."

బావ పోయి ఏడాది దాటింది. అందులో సగం కాలంగా అక్కకీ తమ్ముడికీ మాటల్లేవు. కారణం ఒక తాడు. నవ్వకండి. తాడు కోసం తోడబుట్టినదానితో మాట్లాడ్డం మానేసేవాడు ఉంటాడా అంటే, ఉంటాడు. అది ఏ తాడో తెలిస్తే మీరూ మానేసేవారేమో.

బావ రేవులో డైవరు. ఓడల అడుగున పట్టిన గుల్లలు గీకడం, పంకాలకి చుట్టుకున్న వలలు కోయడం, నీళ్లపాలైన సరుకు వెతకడం ఆయన పని. రాగి టోపీ, సీసం బూట్లు తొడుక్కుని ఆయన అడుగుకి దిగితే, పైన పడవలో ఒకడు తాడు పట్టుకుని కూర్చోవాలి. మాట వినపడదు, మనిషి కనపడడు. ఉన్నదల్లా ఆ తాడే. కింద నుంచి ఒకసారి లాగితే బాగున్నానని. నాలుగుసార్లు లాగితే పైకి లాగమని. అలాంటి తాడు ఎవడి చేతిలో పడితే వాడి చేతిలో పెడతారా? దాయాది చావు కోరతాడు, బావమరిది బతుకు కోరతాడని సామెత ఉంది కదా. దాన్ని పట్టుకుని ఆ రేవు పాత మేస్త్రీ ఒక ఆనవాయితీ పెట్టాడు: డైవరు తాడు పెళ్లాం తమ్ముడే పట్టాలి. వాడు కునుకు తీస్తే కొంప మునిగేది వాడి సొంత అక్కదే.

ఆ విధంగా ఒకే పెళ్లితో అక్కకి మొగుడు, చదువు అబ్బని తమ్ముడికి ఉద్యోగం దొరికాయి. కూలీల నుంచి పెద్దాఫీసరు దాకా అందరూ అతన్ని "బావమరిదీ" అనే పిలిచేవాళ్లు. ఇంకోచోట ముక్కూమొహం తెలియనివాడు అలా పిలిస్తే తలలు పగులుతాయి. అక్కడ మాత్రం అతనికి అదే పేరై కూర్చుంది.

అక్కావాళ్ల క్వార్టర్ల కిటికీలోంచి చూస్తే పడవ కనిపించేది. పని ముగిసే వేళకి తమ్ముడు భుజం మీద తెల్ల తువ్వాలు తీసి ఊపితే, అక్క పొయ్యి మీద నీళ్లు పెట్టేది. బావ ఇల్లు చేరేసరికి నీళ్లు పొగలు కక్కుతూ ఉండేవి. సముద్రం అడుగున ఎముకల్లోకి దిగిన చలి వేన్నీళ్లు పోసుకుంటే గాని వదలదు.

బావ పోయాక మ్యూజియం వాళ్లు వచ్చి అడిగితే అక్క సామానంతా ఎత్తి ఇచ్చేసింది. తమ్ముడు ఇల్లెగిరిపోయేలా అరిచాడు. "టోపీ నీ మొగుడిది, ఇచ్చుకో. బూట్లు ఇచ్చుకో. తాడుకి రెండు కొసలుంటాయి. ఒక కొస నాది. నన్నొక్క మాట అడగాలనిపించలేదా?" ఆ వేళ వచ్చేసినవాడు మళ్లీ ఆ ఇంటి మెట్టెక్కలేదు.

అక్క మ్యూజియం మెట్ల మీద కూర్చుని ఉంది. ఒళ్లో మంచినీళ్ల సీసా.

"ఏంట్రా, అలా చిక్కిపోయావు?"

"నువ్వేదో ఒళ్లు చేసినట్టు!"

దాంతో సగం కోపం పోయింది. మిగతా సగాన్ని పరువు కోసం పట్టుకుని తమ్ముడు లోపలికి నడిచాడు.

అది ఒకప్పటి సరుకుల గిడ్డంగి. బస్తాల దుమ్ముకి తుమ్ముకుంటూ తిరిగిన చోట ఇప్పుడు నేల మొహం చూసుకునేంత నున్నగా ఉంది. దీపస్తంభం నుంచి దింపిన పెద్ద దీపం, ఓడల గంటలు, మనిషంత క్రేను కొక్కెం, గాజుపెట్టెల్లో బొమ్మ ఓడలు. ఆయన దేని ముందూ ఆగలేదు. ఆయనకి రేవు కావాలి గాని రేవు బొమ్మలు ఎందుకు? ఆ నూనె కంపు కావాలి, ఆ బూతులు కావాలి. అన్నిటికంటే అరచేతిలో ఆ బరువు కావాలి. నీళ్ల కింద నుంచి ఒక మనిషి, ఉన్నాను అని చెప్పే బరువు. బావ పోయినప్పటి నుంచి ఆయన చేతులకి దిక్కు తోచడం లేదు. బస్సులో కమ్మీ పట్టుకున్నా, కూరగాయల సంచీ పట్టుకున్నా అవతల ఎవరూ లేరనే అనిపిస్తుంది.

డైవర్ల గదిలో, అద్దం వెనక, రాగి టోపీ తళతళలాడుతోంది. బావ ఉండగా అది అలా మెరిసిన పాపాన పోలేదు. దాని పక్కనే చుట్ట చుట్టి తాడు. తన చేతి చెమట తాగి నల్లబడ్డ కొస పైకే ఉంది. ఆయన తెలియకుండానే అద్దం మీద అరచెయ్యి వేశాడు.

"అద్దం ముట్టుకోకండి" అంది మూల కుర్చీలో కూర్చున్న కాపలా ఆవిడ.

బడిపిల్లాడిలా చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. అది అక్క చూడకూడదని పక్కకి తిరిగితే, అక్క గోడ మీద బోర్డు చూస్తూ నిలబడి ఉంది. తాడు సైగలన్నీ వరసగా రాసిన బోర్డు.

"ఇవేనా? ఇంకా ఏమైనా ఉన్నాయా?" అంది.

"ఎందుకు?"

అక్క సీసా మూత తిప్పింది, మళ్లీ బిగించింది.

"ఆస్పత్రిలో లోపల ఒక్కరినే ఉండనిచ్చారు కదా. నువ్వు వరండాలో బెంచీ మీద ఉన్నావు. మీ బావకి నోట్లో గొట్టం, మాట లేదు. ఉన్నట్టుండి నా వేలు పట్టుకుని లాగాడు. ఆగి, మళ్లీ లాగాడు. అలా ఎన్నిసార్లో. నొప్పికేమో అనుకున్నాను. తెల్లారకుండానే పోయాడు."

"నాకు చెప్పనేలేదే!"

"ఏమని చెప్పను? సామాను తీసుకెళ్లడానికి వచ్చినప్పుడు మ్యూజియం వాళ్లు ఈ సైగల కాగితం చూపించారు. నాలుగుసార్లంటే పైకి లాగమని. ఆయన లాగినప్పుడల్లా నాలుగేరా." అక్క బోర్డు వైపు చెయ్యి చూపించింది. "పైకి లాగు, పైకి లాగు అని మొత్తుకుంటుంటే నేను దుప్పటి సర్దుతూ కూర్చున్నానేమోరా. అప్పటి నుంచి ముద్ద దిగట్లేదు నాకు."

"పిచ్చిదానా, అప్పుడే అడగొచ్చుగా?"

"నువ్వు అలిగి కూర్చున్నావు. నువ్వు అలగడం నాకూ బాగానే ఉంది, అడిగే పని తప్పిందని. అవునంటావని భయం."

"నాలుగూ ఒక్క ఊపునా, ఆగి ఆగా?"

"నోటితో చెప్పలేను. వేలికి గుర్తుంది."

పక్కన చూడొచ్చినవాళ్ల సరదాకి ఒక చెక్క గోడ కట్టి, దాని చిల్లులోంచి తాడు దూర్చారు. ఇటొకరు, అటొకరు పట్టుకుని సైగలు చేసుకోవచ్చు. అక్క గోడవతలికి వెళ్లింది. ఆయన ఇవతలి కొస అందుకున్నాడు. సన్నటి నైలాను తాడు, బట్టలారేసుకోవడానికి తప్ప దేనికీ పనికిరాదు. అయినా వదులంతా లాక్కుని, అలవాటు చొప్పున చూపుడువేలి మీదుగా పట్టుకున్నాడు.

నాలుగూ ఒక్క ఊపునే అయితే ఏం చెప్పాలి? కాదని బొంకేద్దామనుకున్నాడు. కానీ తాడు చేతిలో ఉండగా ఆయన జన్మలో అబద్ధం చెప్పలేదు.

తాడు కదిలింది. చురుగ్గా రెండు. ఆగింది, ఒక ఊపిరి తీసి వదిలేంత. తర్వాత ఇంకో రెండు, బద్ధకంగా, సాగదీసినట్టు.

బుర్రకి అందేలోపే ఎడమ చెయ్యి భుజం మీదికి వెళ్లింది. అక్కడ తువ్వాలు లేదు. ఆ చెయ్యి జేబులోంచి రుమాలు లాగింది, పైకెత్తి ఊపింది. ఎదురుగా చెక్క గోడ తప్ప ఏమీ లేదు. ఆయన ఊపుతూనే ఉన్నాడు.

జవాబు రాకపోయేసరికి అక్క గోడ చివర్నుంచి తొంగిచూసింది. చెయ్యెత్తి రుమాలు ఊపుతున్న తమ్ముణ్ణి చూసి అక్కడే నిలబడిపోయింది.

"తువ్వాలా?" అంది.

"తువ్వాలే. నీళ్లు పెట్టమన్నాడక్కా. అంతే. పైకి లాగమని కాదు."

"ఆయన పైకొచ్చాక కదరా నువ్వు ఊపేది?"

"కాదు. ఇంకా అడుగున ఉండగానే చెప్పేవాడు. గబుక్కున పైకొస్తే ఒళ్లు చెడుతుంది, నిదానంగా రావాలి కదా. ఈలోగా మీ అక్కకి చెప్పు, నీళ్లు పెడుతుంది అని. రోజూ. ఇది మా ఇద్దరి సైగ, బోర్డు మీద ఉండదు."

"ఇన్నేళ్లూ నువ్వే చూసి ఊపుతున్నావనుకున్నాను" అంది అక్క. అని, అక్కడే నేల మీద కూలబడి, కాపలా ఆవిడ లేచి వచ్చేంతగా ఏడ్చింది.

ఆయనా ఏడ్చాడు. బావ అక్క వేలు పట్టుకుని మాట్లాడింది తనతో. అవతలి కొసన బావమరిదే ఉన్నాడని బావ అనుకున్నాడు. తను ఆస్పత్రి గోడకి ఇవతలే, బెంచీ మీద ఉన్నాడు.

కాసేపటికి అక్క కళ్లు తుడుచుకుని లేచింది. "దానికి జవాబేంటి?"

"ఒకటే. గట్టిగా. చెప్పానని."

"ఇలా ఇయ్యి" అని ఆయన చేతిలోంచి తాడు తీసుకుంది. "నువ్వు అటు వెళ్లు."

ఆయన గోడవతలికి, బావ వైపుకి వెళ్లాడు. తాడు పట్టుకుని చురుగ్గా రెండు లాగాడు. ఆగాడు. బద్ధకంగా ఇంకో రెండు.

కాసేపు ఏమీ లేదు. తర్వాత ఒక్క లాగు వచ్చింది, ముందుకి తూలి భుజం గోడకి కొట్టుకునేంత గట్టిగా. అరచేతిలో బరువు. ఆయన కళ్లు మూసుకుని దాన్ని అలాగే పట్టుకున్నాడు.

"పెట్టానని చెప్పరా మీ బావకి" అంది అక్క గోడవతల నుంచి.