ఒక మెట్టు ఎక్కిస్తే

కుక్కర్ మూడో కూత కోసం కాచుకుంటూ ఉదయలక్ష్మి పొయ్యి పక్కన పుస్తకం తెరిచింది. ఆరింటికల్లా చిత్తూరు బయటున్న పెద్ద సబ్‌స్టేషన్‌లో షిఫ్ట్ ఇంజనీరు కుర్చీలో ఉండాలి. ఆలోగా అత్తకు సంగటి, మొగుడికి చపాతీలు, ఇద్దరికీ మధ్యాహ్నం కూర. "ఉద్యోగమొచ్చి పన్నెండేండ్లాయ, ఇంకా ఏం సదువు?" అంటాడు మొగుడు ధనంజయ.

ఆమెను తొలుస్తున్నది ముందురోజు చూసిన ఒక అంకె. ట్రాన్స్‌ఫార్మర్‌కు మెట్లలాగా ట్యాపులుంటాయి. ఒక మెట్టు ఎక్కిస్తే ఊరివైపు వోల్టేజి పెరగాలి. నిన్న ఎక్కిస్తే తగ్గింది. పై అధికారి వరదయ్యను అడిగితే, "మీటర్లో ఏదో తేడా ఉంటాది. నీకెందుకమ్మా అవన్నీ? ఆడిట్ వాళ్ళొచ్చినారు, కాఫీ సంగతి సూడు" అన్నాడు. పన్నెండేళ్ళుగా ఆ గదిలో కాఫీ సంగతి ఆమెదే. మామూలుగా ఆ మాట రోజంతా గుచ్చుకునేది. నిన్న మాత్రం ఆ అంకె ముందు కాఫీ గుర్తే లేదు.

పుస్తకంలో జవాబు దొరికింది. దూరం నుంచి వచ్చే లైను మోయగలిగినదానికి ఒక హద్దు ఉంటుంది. అది దాటాక మెట్టు ఎక్కించేకొద్దీ ఊళ్ళో మోటార్లు కరెంటును ఇంకా గుంజుతాయి, లైను ఇంకా కుంగుతుంది. ఎత్తడమే కూలదోస్తుంది. అప్పుడిక భారం దించడమొక్కటే దారి. ఇంట్లో ఎవరికేం చాలకపోయినా తాను ఇంకో అరగంట ముందు లేచిన సంవత్సరాలు గుర్తొచ్చాయి. ఎవరికైనా చాలిందా? కుక్కర్ ఐదుసార్లు కూసింది. "పుస్తకం సూస్తా వండితే అన్నం జావే అవతాది" అంది అత్త సుబ్బులమ్మ.

ఆ రోజు పదకొండున్నరకు, వచ్చే రెండు లైన్లలో ఒకటి తెగింది. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు, పొలాల మోటార్లు, ఏసీలు అన్నీ మిగిలిన లైను మీద పడ్డాయి. మీటరు మీద 220 కిలోవోల్టులు ఉండాల్సింది 207, 204. ఫోన్ మోగింది.

"ఇంకో రెండు మెట్లు ఎక్కించమ్మా. ఫ్యాక్టరీ వాళ్ళు నా పానం తీస్తాండారు" అన్నాడు వరదయ్య.

"ఒకటి ఎక్కించినా సార్. లైనువైపూ ఊరివైపూ రెండు పక్కలా పడిపోయింది. లోడ్ తీసేయాల."

"అదెట్ల పడతాదమ్మా? ఆడోళ్ళకు అన్నిటికీ భయమే. సెప్పింది సెయ్."

201. భయం కంటే, పుస్తకంలోని మాట నిజమా కాదా చూడాలన్న ఆత్రమే ఎక్కువగా ఉంది. ట్యాపులు కదలకుండా ఆపింది. ఊళ్ళోకి కరెంటు మోసే మూడు ఫీడర్లను కట్ చేసింది. అందులో ఒకటి వాళ్ళ వీధిదే. ముల్లు ఆగింది. మెల్లగా లేచింది. 206. 212. ఒంటరిగా, బిగ్గరగా నవ్వింది ఉదయలక్ష్మి. ధనంజయ ఫోన్ చేశాడు: "కరెంటు పోయింది, అమ్మకు ఉక్కపోస్తాండాది, ఏం సేస్తాండావు ఆడ?"

గంటకు వరదయ్య వచ్చాడు. అప్పటికే పైనుంచి మెచ్చుకోలు అందింది. "నేనే సెప్పి సేయించినా సార్" అని ఫోన్లో ఆమె ఎదుటే అన్నాడు. పెట్టేసి, "లాగ్‌బుక్కులో నా ఆర్డర్ ప్రకారం అని రాయమ్మా" అన్నాడు.

ఆమె రాసింది: "ట్యాప్ ఎక్కించమని ఆదేశం వచ్చింది. ఎక్కిస్తే వోల్టేజి కూలుతుందని నేనే నిర్ణయించి లోడ్ తీశాను." కింద సంతకం, టైము. వరదయ్య చదివి బయటికి నడిచాడు.

నాలుగో రోజు, రాష్ట్రమంతటి కరెంటు పంపకం చూసే లోడ్ డిస్పాచ్ కేంద్రం నుంచి ఒక పెద్దావిడ ఫోన్ చేసింది. లాగ్‌బుక్కులో ఆ పేజీ చదివిందట. బెంగళూరులో వోల్టేజి స్థిరత్వం మీద ఆరు వారాల శిక్షణ ఉంది, వస్తారా అని అడిగింది. ఇంట్లో అడిగి చెబుతాను అన్న మాట నాలుక దాకా వచ్చింది. "వస్తాను మేడమ్" అంది.

సాయంత్రం ఆ మాట చెబితే సుబ్బులమ్మ టీవీ గొంతు తగ్గించింది. ధనంజయ ఆమెను కొత్తగా చూశాడు.

"ఆరు వారాలా? అన్నాళ్ళు ఈ ఇల్లు ఎట్ల నడస్తాది?"

"అదే, నాకూ తెలుసుకోవాలని ఉండాది" అంది ఉదయలక్ష్మి.