ఇద్దరు వరదరాజులు

మంగళవారం ఓపీ ఉంటే గేటు పక్కనున్న ల్యాబులో ఫ్రీజరు గోల ఎక్కువ. తమ మనిషి ఆస్పత్రి గేటు దాటగానే రక్తం గొట్టాలూ, గడ్డ ముక్కల గొట్టాలూ ర్యాకులో టకటకా కొట్టుకుంటాయి; మనిషి దూరమైతే ఆగిపోతాయి.

"ఇరవైమూడో నంబరాయన వచ్చినట్టుండాడు రంజనమ్మా. ఈడ చెవులు పోతా ఉండాయి," అంది అటెండరు చెంగమ్మ, గాజు పలకలు కడుగుతూ.

రంజని చేతిలో జన్యువుల గీతలు పడిన ఫిలిం ఉంది. ప్రోస్టేట్ క్యాన్సర్‌ను అణచి ఉంచే జన్యువు కోసం రెండేళ్లుగా వెతుకుతోంది. ఒకే మనిషి రక్తాన్నీ గడ్డనూ పక్కపక్కన పెట్టి చూడాలి. రక్తంలో రెండు గీతలుండి గడ్డలో ఒకటి మాయమైతే, ఆ జన్యువు ఆ చుట్టుపక్కలే ఉన్నట్టు.

ఇరవైమూడో నంబరు ఎన్. వరదరాజులు గడ్డలో గీత పోలేదు. రక్తంలో లేనివి రెండు వచ్చాయి. నాలుగు ఫిలిముల్లోనూ అంతే.

గీతలు పోతాయి గానీ ఇలా రావు. గడ్డ ఈయనది కాదు.

రిజిస్టరు తిరగేసింది. బయాప్సీ రోజున ఇద్దరు ఎన్. వరదరాజులు. ఇరవైమూడో నంబరు అంబత్తూరాయనకు ఎన్. అంటే తండ్రి నాగలింగం. నెల్లూరాయనకు ఇంటిపేరు నల్లపాటి. సీసా మీద ఇంటిపేరు రాసే అలవాటు మద్రాసులో ఎవరికుంది? ఇద్దరూ ఎప్పుడూ ఒకే రోజు రావడంతో గొట్టాల మీదా అనుమానం రాలేదు.

"అంబత్తూరాయనకి ఇయ్యాళేగా ఆపరేషను?" అంది చెంగమ్మ.

పదకొండింటికి. ఇంకా పది నిమిషాలే.

రంజని గడ్డ గొట్టాన్ని ఐసులో పెట్టుకుని పరిగెత్తింది.

థియేటరు తలుపు దగ్గర స్ట్రెచరు ఆగి ఉంది.

"ఏమ్మా, ఐస్‌క్రీమా?" అన్నాడు సర్జన్ దేవరాజులు.

ఆమె గొట్టాన్ని పేషెంటు ఛాతీకి ఆనించింది. కదల్లేదు.

"నా గుండె కొట్టుకుంటా ఉంది గదమ్మా, అది చాలదా?" అన్నాడు అంబత్తూరు వరదరాజులు.

"ఇంకోసారి పెట్టు," అన్నాడు దేవరాజులు. నవ్వు పోయింది. పెట్టింది. చల్లగా పడి ఉంది.

"వెనక్కి తిప్పండి," అన్నాడాయన వార్డుబాయ్‌తో. "రెండో వరదరాజుల్ని జబ్బేం లేదని ఇప్పుడే పంపించేశాను. పట్టుకో!"

మెట్ల మీద గొట్టం ఒకసారి తట్టింది. వరండాలో ఆగకుండా తట్టింది. బయటి గేటు దగ్గరికొచ్చేసరికి రెండు చేతులతో పట్టుకోవాల్సి వచ్చింది.

నల్లపాటి వరదరాజులు ఆటో ఎక్కబోతున్నాడు. ఆమెను చూసి కోవా పొట్లం చాపాడు.

"ఏం లేదన్నారమ్మా! తీసుకో. రెండింటి బండికి ఇంటికి పోతున్నా."

రంజని కోవా తీసుకుంది. తినలేదు.

"ఆ బండికి పోవద్దండీ," అంది.