కండ్ల దవాఖాన యాదన్న

బీమా ఏజెంటు పనిలో మూడో ఏడు వచ్చేసరికి యాదగిరికి అడగడానికి చుట్టాలు అయిపోయారు. మేనమామలు, బావమరుదులు, భార్య కౌసల్య తరఫు వాళ్లు తలా ఒక పాలసీ తీసుకున్నారు. ఇప్పుడు అతని స్కూటర్ చప్పుడు వినగానే చిన్న మేనమామ పెరటి తలుపు తీసుకుని పొలం దిక్కు పోతున్నాడట. కౌసల్య ఆ మాట నవ్వుతూనే చెప్పింది. యాదగిరి మాత్రం నవ్వలేదు.

వాళ్లది కిష్టారెడ్డిపేటలో భూములున్న ఇల్లు. తండ్రి కాలంలో సగం భూమి ఫ్యాక్టరీల కింద పోయింది. ఆ లెక్కన యాదగిరికి పటాన్‌చెరులో ఒక ఫ్యాక్టరీలో నౌకరి దొరికింది. తొంభై ఒకటిలో ఆ ఫ్యాక్టరీ మూతపడ్డది. అప్పుడే బీమా కంపెనీ డెవలప్‌మెంట్ ఆఫీసర్ త్రినాథరావు అతన్ని పిలిచి ఏజెంటుగా చేర్చుకున్నాడు. త్రినాథరావు కాకినాడ నుంచి బదిలీ మీద వచ్చినవాడు. నెలకోసారి సంగారెడ్డిలో ఏజెంట్లందరినీ కూర్చోబెట్టి చెప్పేవాడు.

"పాలసీ చేయించాక ఆ మనిషిని మీరు మరచిపోతున్నారండీ. కిస్తు కట్టకపోతేనే మళ్లీ గుర్తొస్తాడు. అలా కాదు. ఊరికే వాళ్లింటికి వెళ్లండి. వాళ్లకేం కావాలో చూడండి. మీ పని కానిది ఒకటి చేసిపెట్టండి. అప్పుడు మీ గురించి వాళ్లే పదిమందికీ చెబుతారు. మీరు ఎవరి తలుపూ తట్టక్కర్లేదు."

ఆ చివరి మాట యాదగిరికి బాగా నచ్చింది. తలుపులు తట్టడమంటే అతనికి ప్రాణం మీదికి వచ్చేది.

చుట్టం కాకుండా అతని దగ్గర పాలసీ తీసుకున్నవాళ్లలో జంగయ్య ఒకడు. మూతపడిన ఫ్యాక్టరీలో ఇద్దరూ కలిసి పనిచేశారు. ఇప్పుడు జంగయ్య గడ్డపోతారంలో ఒక మందుల ఫ్యాక్టరీలో కాంట్రాక్టరు కింద డ్రమ్ములు మోస్తున్నాడు. ఒక ఆదివారం యాదగిరి అతని ఇంటికి వెళ్లాడు. జంగయ్య తల్లి బక్కమ్మ చాయ్ వంచింది. సగం చాయ్ గ్లాసులో పడ్డది, సగం యాదగిరి ప్యాంటు మీద పడ్డది.

"అమ్మా, సూస్కొని వంచు! కిష్టారెడ్డిపేట పటేల్ల యాదగిరన్న వచ్చిండు" అన్నాడు జంగయ్య.

ముసలామె గిన్నె కింద పెట్టి గబగబా లేచి, కొంగు సవరించుకుంది. "పటేలు మనింటికొచ్చిండా?"

"కూసో అవ్వా. కండ్లు ఎప్పటి సంది గిట్లున్నయి?"

"పోయిన బతుకమ్మ కాడి సంది బిడ్డా. పొగ కమ్మినట్టుంటది. ఫ్యాక్టరీ పొగే అనుకున్న."

"దవాఖానకు తోలుకపోదామంటే లీవు దొరకదన్నా" అన్నాడు జంగయ్య. "ఒక్క రోజు పోకుంటే రేపటి సంది రావద్దంటడు కాంట్రాక్టరు."

మీ పని కానిది ఒకటి చేసిపెట్టండి అన్న త్రినాథరావు మాట యాదగిరి మనసులో మెదిలింది. ఆ వారమే బక్కమ్మను పట్నంలో కండ్ల దవాఖానకు తీసుకుపోయాడు. బస్సులో ఆమె అతని పక్కన కూర్చోలేదు. సీటు ఖాళీగా ఉన్నా కడ్డీ పట్టుకుని నిలబడింది. "మీ నాయిన ముంగట చెప్పులిడిసి నడిసినదాన్ని" అంది. యాదగిరి చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. దవాఖాన వరండాలో, మెట్ల మీద ఆమె జారినప్పుడు, రోడ్డు దాటేటప్పుడు కూడా ఆ చెయ్యి వదలలేదు. డాక్టర్లు కంటికి శుక్లం ఉందన్నారు. ఆపరేషన్ చేశారు. కట్టు విప్పిన రోజు బక్కమ్మ మొదట చూసింది యాదగిరినే.

"నువ్వు గింత నల్లగున్నవా కొడుకా! గొంతు వింటే తెల్లగుంటవనుకున్న" అంది.

వార్డులో అందరూ నవ్వారు. యాదగిరి కూడా నవ్వాడు. ఇంటి దగ్గర దించాక, ఇదే సమయమనుకుని జంగయ్యను పక్కకు పిలిచాడు.

"జంగయ్యా, నా గురించి నీ షిఫ్టుల నలుగురికి జెర చెప్పు."

"చెప్పకుంట ఉంటనా అన్నా! గడ్డపోతారమంత చెప్త" అన్నాడు జంగయ్య, అతని రెండు చేతులూ పట్టుకుని.

జంగయ్య మాట తప్పలేదు. పది రోజులు తిరక్కముందే ఒక పొద్దున యాదగిరి ఇంటి ముందు ఒక మనిషి నిలబడి ఉన్నాడు. పేరు ఓదెలు. జంగయ్యతో పాటు పనిచేస్తాడు. వెంట తలకు తువాల చుట్టుకున్న అతని మామ ఉన్నాడు.

"కండ్ల దవాఖాన యాదన్న ఇల్లు ఇదేనా?"

యాదగిరి సంబరంగా లోపలికి పిలిచాడు. పాలసీ కాగితాల సంచి తీసి బల్ల మీద పెట్టాడు. ఓదెలు దాని దిక్కు చూడనే లేదు. మామ కంటి రెప్ప ఎత్తి చూపించాడు. "జంగయ్య చెప్పిండన్నా. నువ్వుంటే దవాఖానల ఇబ్బంది ఉండదన్నడు."

యాదగిరి సంచి మెల్లగా కిందికి దించాడు. ముందు సేవ, తర్వాత పని అనుకుని ఆ ముసలాయన్ను తీసుకుపోయాడు. తర్వాత ఒక కూరగాయలామె వచ్చింది. తర్వాత బీహార్ నుంచి వచ్చిన వెల్డరు, కంట్లో ఇనుపరజను పడి, "యాదన్నా కౌన్ హై" అని హిందీలో ఇల్లు ఆరా తీస్తూ వచ్చాడు. వారం వారం ఎవరో ఒకరు. అందరూ జంగయ్య పేరు చెప్పేవారు. ఒక్కరూ పాలసీ మాట ఎత్తేవారు కాదు. తానే ఎత్తుదామంటే, వాళ్లు అతని దిక్కు చూసే చూపు చూసి నోరు పెగలేది కాదు. ఒకామె దేవుడికి కొట్టిన కొబ్బరికాయ చిప్ప తెచ్చిచ్చింది. కొబ్బరి చేతిలో పెట్టుకుని కిస్తుల సంగతి ఎట్లా చెప్పాలి?

"ఊరికి మంచోనివైనవు. స్కూటర్ల పెట్రోలు ఎవరు పోస్తరు?" అంది కౌసల్య.

యాదగిరి సంగారెడ్డి పోయి త్రినాథరావును అడిగాడు. "సార్, మీరు చెప్పినట్టే చేసిన. మనుషులొస్తున్నరు. పాలసీలు వస్తలేవు."

త్రినాథరావు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "విచిత్రంగా ఉందండీ. మనుషులు రావడమే కష్టం. వచ్చాక ఇలా ఎవరికీ జరగలేదు. వాళ్లను పంపుతున్నతను మీ గురించి ఏం చెబుతున్నాడో ఒకసారి కనుక్కోండి."

మరునాడు షిఫ్టు వదిలే వేళకు యాదగిరి ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడ్డాడు. జంగయ్య బయటికి రాగానే చాయ్ బండి దగ్గరికి తీసుకుపోయాడు.

"జంగయ్యా, మనుషులను పంపుతున్నవు. మంచిదే. నేను పాలసీలు చేస్తనని చెప్తున్నవా?"

జంగయ్య ముఖంలో ఆశ్చర్యం. "ఛ! ఆ ముచ్చట ఎవలకు చెప్పలేదన్నా."

"ఎందుకు?"

"ఎందుకేందన్నా! పాలసీ మనిషని చెప్తే, పైసల కోసం చేస్తున్నడనుకోరా? మొదలు ఒగడు అడిగిండు కూడా, ఆయనకేం లాభమని. ఏం లాభం లేదు, పటేల్ల పిలగాడు, మంచితనానికి చేస్తున్నడని కొట్లాడిన. నీ పేరు కరాబు కానిస్తనా నేను?"

యాదగిరికి నవ్వాలో ఏడవాలో తోచలేదు. జంగయ్య మాత్రం యాదగిరి పరువు కాపాడానన్న గర్వంతో చాయ్ ఊదుకుంటున్నాడు.

"లేదు జంగయ్యా, చెప్పు. దాని మీదనే నా ఇల్లు నడుస్తది. చెప్పినా ఏం కాదు."

"చెప్పుమంటే చెప్త. మల్ల నన్ననొద్దు" అన్నాడు జంగయ్య, అనుమానంగానే.

ఆ వారం ఎవరూ రాలేదు. ఆ మరుసటి వారం కూడా రాలేదు. గడ్డపోతారం బస్టాండులో యాదగిరి స్కూటర్ ఆపితే అక్కడ కూర్చున్నవాళ్లు మాటలు ఆపేశారు. ఓదెలు మామ లేచి వచ్చి, జేబులోంచి మడిచిన నోట్లు తీసి అతని చేతిలో పెట్టబోయాడు.

"నన్ను తోలుకపోయినందుకు ఎంతైతది పటేలా? బాకీ ఉండొద్దు."

"అయ్యో, గదేంది పెద్దయ్యా!" అని యాదగిరి వెనక్కి జరిగాడు. ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చుని కూడా తినలేకపోయాడు. పాలసీ చేయడం తప్పా? దవాఖానకు తీసుకుపోవడం తప్పా? రెండూ విడివిడిగా మంచివే. కలిపితే ఎక్కడ పాడయ్యాయో ఎంత ఆలోచించినా చిక్కు విడలేదు.

ఒక మధ్యాహ్నం బక్కమ్మ ఒక్కతే కిష్టారెడ్డిపేటకు వచ్చింది. ఇప్పుడు ఎవరి చెయ్యీ పట్టుకోకుండా బస్సు దిగి, ఇంటి దాకా నడిచి వచ్చింది. వాకిట్లో నిలబడి పిలిచింది. కౌసల్య లోపలికి రమ్మన్నా రాలేదు. యాదగిరి బయటికి వచ్చాడు.

"కొడుకా, ఒక్క మాట అడిగి పోత. బస్సుల నా చెయ్యి పట్టుకున్నవు గద. గా పాలసీల కోసమేనా?"

లేదంటే అబద్ధం. అవునంటే అదీ నిజం కాదనిపించింది.

"మీ ఇంటికి వచ్చిన్నాడు దాని కోసమే వచ్చిన అవ్వా. మా సారు చెప్పిండు, చేసిపెడితే నలుగురు వస్తరని. బస్సుల అది యాదికి ఉన్నదో లేదో నాకే ఎరుక లేదు. నువ్వు మెట్ల మీద జారినప్పుడైతే లేదు. మల్ల ఇంటికాడ దించినంక యాదికొచ్చింది. గంతే. నాకే సమజైత లేదు."

బక్కమ్మ అతని ముఖంలోకి తేరిపార చూసింది. తర్వాత అరుగు మీద కూర్చుంది. కౌసల్య తాము తాగే స్టీలు గ్లాసులోనే చాయ్ తెచ్చి చేతికిచ్చింది. ముసలామె గ్లాసును అటూ ఇటూ తిప్పి చూసి తాగింది.

"నా కొడుకు మంచోడే గని తెలివి లేదు" అంది చివరికి. "మొదలు దాసిపెట్టిండు, దాసిపెట్టి మల్ల చెప్పిండు. దాసింది బయటపడితే ఎవలైనా దొంగతనమే అనుకుంటరు. నువ్వే వచ్చి అందరికి చెప్పు. నాకు చెప్పినట్టే చెప్పు."

"ఏమని చెప్పాలవ్వా?"

"గదే. సమజైత లేదని."

ఆదివారం యాదగిరి జంగయ్య ఇంటి ముందు నిలబడి, పోగైనవాళ్లకు చెప్పాడు. తాను పాలసీలు చేసేవాడినని, దాంట్లో తనకు కమీషన్ వస్తుందని, దవాఖానకు తీసుకుపోయినందుకు మాత్రం ఎవరూ పాలసీ తీసుకోనక్కర్లేదని. అసలు దేని కోసం చేశాడో తనకే సమజైత లేదని కూడా అన్నాడు. మాటలు తడబడ్డాయి. మధ్యలో ఇద్దరు లేచిపోయారు. ఓదెలు మామ నోట్లు మళ్లీ తియ్యలేదు. అందరూ పోయాక ఓదెలు మిగిలాడు.

"అన్నా, డ్రమ్ము మీద పడి నేను పోతే మా ఇంటిదానికి ఎంతొస్తది?"

ఇన్ని వారాలలో అతన్ని ఆ సంగతి అడిగిన మొదటి మనిషి. యాదగిరి అరుగు మీద కూర్చుని మెల్లగా చెప్పాడు. ఓదెలు అడిగిందే మళ్లీ అడిగాడు. చీకటి పడేవేళకు చిన్న పాలసీ ఒకటి తీసుకుంటానన్నాడు. తర్వాతి నెలలో తన సూపర్‌వైజరును వెంటబెట్టుకుని వచ్చాడు.

పని నడిచింది. గొప్పగా కాదు, ఇల్లు గడిచేంత. వెల్డరు తప్పకుండా తీసుకుంటాడని యాదగిరి నమ్మాడు, అతను ఊరెళ్లి మళ్లీ రాలేదు. కూరగాయలామె దగ్గర ఏమీ ఆశించలేదు, ఆమె పాలసీలకు ముగ్గురిని పంపింది. కారణమేమిటని అడిగితే, "నీకు సరిగ్గ చెప్పొస్తలేదు బిడ్డా. అబద్ధమాడెటోడైతే మంచిగ చెప్తుండె" అంది.

త్రినాథరావు ఇది విని ఉబ్బిపోయి, తర్వాతి మీటింగులో యాదగిరిని లేపి నిలబెట్టాడు. "పాలసీదారులే మనుషుల్ని ఎలా పంపుతున్నారో అందరికీ చెప్పండి."

యాదగిరి లేచి నిలబడ్డాడు. ఏజెంట్లు పెన్నులు తీశారు. ముందు సేవ చేయాలా, ముందు పాలసీ అని చెప్పాలా, ఎవరిని నమ్మాలి, ఎవరిని వదలాలి, ఏ ఒక్కటీ వరసలో దొరకలేదు.

"రేపు ఇద్దరిని దవాఖానకు తోలుకపోవాలె సార్. తెల్లారంగనే బస్సున్నది. నన్నిడిస్తే పోత" అన్నాడు.