గురువారం నూనె వాసన

గురువారం వచ్చిందంటే కనిశాయ్ మూకుడులో నూనె పోసి పిండి ముక్కలు వేయిస్తుంది. ఆ వాసన పోయినవాళ్ళకు చేరుతుందని ఆ కిర్గిజ్ ఊరు నారిన్‌లో అందరి నమ్మకం. భర్త పోయి పదకొండు గురువారాలైంది. వేయించినవన్నీ, వాటితో ఒక సంచెడు చాక్లెట్లూ మర్నాడు బడికి తీసుకెళ్ళి తను పాఠాలు చెప్పే, తనను 'ఎజే' అంటే అక్కా అని పిలిచే మూడో తరగతి పిల్లలకు పంచుతుంది. పోయినవాళ్ళ పేరున పెట్టింది ఎవరూ వద్దనకూడదు. పోయినవాళ్ళ కోసం చేసే ప్రార్థన, దువా, క్లాసులో చక్కగా చదివేది బురుల్చా కనుక దానికి రెండు వాటాలు.

ఆ బురుల్చాయే ఇప్పుడు ఏడో ఎక్కం దగ్గర ఆగిపోయింది. మంచు పడకముందు పన్నెండు దాకా గడగడా అప్పజెప్పిన పిల్ల. వసంతంలో పరీక్ష తప్పితే మళ్ళీ మూడో తరగతిలోనే కూర్చోవాలి. ఆ శుక్రవారం పంచడం అయ్యాక కనిశాయ్ అడిగింది.

"ఏడు మూళ్ళు?"

"ఇందాక వచ్చింది ఎజే, ఇప్పుడే పోయింది." పిల్ల చూపు సంచి మీదే ఉంది. "ఇంకొకటి ఇస్తారా? ఆకలేస్తోంది."

"ఇప్పుడేగా తిన్నావు."

"తింటే ఇంకా వేస్తుంది."

సాయంత్రం పిల్లను తీసుకెళ్ళడానికి వచ్చిన నాయనమ్మను కనిశాయ్ గేటు దగ్గర ఆపింది.

"ఇంట్లో ఏం తింటోంది, అమ్మా?"

"పొద్దున పొడి నూడుల్స్, మధ్యాహ్నం చిప్స్, పైన సోడా. సూపు పెడితే మొహం తిప్పుకుంటుంది. దీని కడుపుకి మూత లేదు తల్లీ."

"అవి మానిపించండి. అలాంటి తిండితో కడుపు నిండిన సంగతి ఒంటికి తెలియదు. చదివింది బుర్రలో నిలవదు."

"నేను మానిపిస్తాను, సరే. శుక్రవారం సంచి మోసుకొచ్చేదెవరు? దాని కోసం ఇది వారమంతా వేళ్ళు మడిచి రోజులు లెక్కపెడుతుంది." అనేశాక ముసలామె కనిశాయ్ చెయ్యి పట్టుకుంది. "నిన్ను నొప్పించాలని కాదమ్మా."



మరుసటి గురువారం కనిశాయ్ ఒకే ఒక్క ముక్క వేయించింది. కాలుతుండగానే మూకుడులోంచి తీసుకుని వేళ్ళు ఊదుకునేవాడు భర్త. ఆ ఒక్క ముక్కనూ పళ్ళెంలో ఉంచి, పక్క పొయ్యి మీద పెద్ద గిన్నెలో గోధుమలు ఉడకేసింది.

శుక్రవారం పెరుగు కలిపిన గోధుమలు చూసి పిల్లల మొహాలు వేలాడాయి.

"చాక్లెట్లు మర్చిపోయారా ఎజే?"

"లేదు."

"మరి మీ ఆయనకి?"

"ఆయనకి వాసన చేరింది. మీరు తినండి."

బురుల్చా దువా చదివింది. సగం తిని గిన్నె పక్కకు నెట్టింది.

"ఏడు మూళ్ళు?"

"ఇరవై... నాలుగు."

"ఇరవై ఒకటి. మళ్ళీ చెప్పు."

పిల్ల మళ్ళీ మొదలుపెట్టింది. కనిశాయ్ మిగిలిన సగం గిన్నె మీద మూత పెట్టి, మధ్యాహ్నానికని కిటికీలో ఉంచింది.