పసుపు చుక్క ఉన్న బోల్టు

మా చిన్న కోడలు మోటారుసైకిళ్ల ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. అప్పట్లో ముందు చక్రం దగ్గర బ్రేకును పట్టి ఉంచే బోల్టులు బిగించడం ఆమె పని. గాలితో తిరిగే గన్ను ఒకటి ఉంటుందట. బోల్టుకు ఆనించి మీట నొక్కితే కావలసినంత బిగించి టక్కున ఆగిపోతుందట. ఆ తర్వాత బోల్టు తల మీద పెయింటు పెన్నుతో పసుపు చుక్క పెట్టాలి. చుక్క ఉందంటే బిగించారని అర్థం. బీన్స్ ఈనెలు తీస్తూ ఆమె ఇవన్నీ చెప్పేది, నేను వినేదాన్ని. నాకు బండి వెనక కూర్చోవాలంటేనే ప్రాణం గుప్పిట్లో పెట్టుకోవాలి, కానీ బండి ఎలా తయారవుతుందో మాత్రం కంఠతా వచ్చు.

ఆమె మొగుడు, అంటే మా చిన్నవాడు, అదే కంపెనీ సర్వీసు సెంటర్లో మెకానిక్కు. ఒకరు బిగిస్తారు, ఒకరు విప్పుతారు, మీ ఇద్దరికీ పని కరువు లేదని మా ఆయన వేళాకోళం చేసేవారు.

ఒకసారి ఎవరిదో కొత్త బండికి బ్రేకు ఊడి, మనిషి పడి కాలు విరిగింది. చూస్తే బోల్టు బిగించనే లేదు. కంపెనీ వాళ్లు ఆ వేసవిలో తయారైన బండ్లన్నిటినీ సర్వీసు సెంటర్లకు వెనక్కి పిలిచారు.

ఆ ఆదివారం భోజనాల దగ్గర మావాడు ఆ కబుర్లే చెబుతున్నాడు. బండ్లు బారులు తీరాయట, అయినా కష్టమేమీ లేదట. వంగి చూడటం, పసుపు చుక్క ఉంటే పొమ్మనడం, లేకపోతే బిగించడం. పైనుంచి చెప్పిందే అంతట.

కోడలి చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"చుక్క ఉంటే పానా పెట్టి చూడరా?"

"చుక్క ఉన్నాక పానా ఎందుకు? మీరు బిగించాకేగా పెడతారు."

"మేం ముందే పెడతామండీ."

విషయం ఏమిటంటే, బిగించాక చుక్క పెడితే తడి ఆరక ముందే బండి ముందుకు కదిలేది, పక్కవాళ్ల చొక్కా చేతులకు అంటుకునేది, చుక్క లేదని తిరిగి తిట్లు. అందుకని వాళ్లు బోల్టులు బిగించే బల్ల దగ్గర అందరికంటే పెద్దావిడ ఒక ఉపాయం కనిపెట్టింది. అందరూ ఆవిడను తొందరమ్మ అనేవారు. బోల్టులు ట్రేలో నిలబడి ఉండగానే వాటి తలల మీద వరసగా చుక్కలు పెట్టేయడం, ఆరాక తీసి బిగించుకోవడం. చేతులు ఖాళీగా ఉంటాయి, పని చకచకా సాగుతుంది. కాబట్టి బిగించిన బోల్టుకూ చుక్క ఉంటుంది, మరిచిపోయిన బోల్టుకూ ఉంటుంది.

మావాడు గ్లాసు కింద పెట్టాడు. నా దగ్గరికి వచ్చినవన్నీ నేను పానా పెట్టి చూస్తాను, నువ్వు నోరు మెదపకు, ఉద్యోగం పోతుంది అన్నాడు.

"మీ దగ్గరికి రానివో?"

వాడు కూర గిన్నె వైపు చెయ్యి చాచాడు. నేను కూర వడ్డించాను. సలహా అడిగితే చెప్పేదాన్నే, ఎవరూ అడగలేదు.

సాయంత్రం కోడలు నన్ను వెంటబెట్టుకుని ముందుగా తొందరమ్మ ఇంటికి వెళ్లింది. ఆవిడకు చెప్పకుండా పైకి చెబితే వెన్నుపోటు అవుతుందని ఆమె బాధ. తొందరమ్మ గుమ్మంలోనే నిలబెట్టి అంతా వింది.

"నువ్వు మునుగుతావు, మమ్మల్నీ ముంచుతావు. పడ్డవాడి బోల్టు మన బల్లదేనని రాసుందా?"

"రాసి లేదక్కా. ఎవరిదో తెలియదు. అదే నా భయం."

"నేను నేర్పానని చెబుతావన్నమాట."

"అందరం చేశామంటాను. ఎవరు నేర్పారంటే గుర్తులేదంటాను."

"రోజూ నా పక్కనే పనిచేస్తూ గుర్తులేదంటే నమ్ముతారా?" అని తొందరమ్మ తలుపు వేసేసుకుంది.

మర్నాడు కోడలు లైను ఇంచార్జికి చెప్పింది. ఆయన అరవలేదు. ట్రే తెమ్మన్నాడు. ఇంకా దేనికీ బిగించని బోల్టులు పసుపు తలలతో వరసగా నిలబడి ఉన్నాయి. ఆయన స్టూలు లాక్కుని కూర్చుని ఫోను తీశాడు. చీకటి పడేలోగా సెంటర్లన్నిటికీ కబురు మారింది. చుక్క ఉన్నా లేకపోయినా ప్రతి బోల్టుకూ పానా పెట్టాలి, చూసి పంపిన బండ్లను మళ్లీ పిలవాలి. విచారణ తేలేదాకా కోడలిని ఇంట్లో ఉండమన్నారు. బల్ల దగ్గరివాళ్లు ఆమె ఫోను ఎత్తడం మానేశారు.

కొన్నాళ్లకు మావాడు పని నుంచి వచ్చి, మోచేతుల దాకా గ్రీజు కడుక్కుంటూ నాతో అన్నాడు.

"ఇవాళ ఒకటి వేళ్లతోనే తిరిగిందమ్మా."

కోడలు వంటింట్లోంచే అడిగింది. "చుక్క ఉందా?"

"ఉంది. ఆ ఆదివారానికి ముందు నేను చుక్క చూసి పంపిందే."

"బండి ఆయనేమన్నాడు?"

"బేకరీ ఆయన. రెండుసార్లు తిప్పారని, కొట్టు మూసుకుని రావాల్సి వచ్చిందని తిట్టాడు. తిట్టించుకున్నాను."

ఆమె వాడికి తుడుచుకోవడానికి తువ్వాలు తెచ్చి ఇచ్చింది.

విచారణ తేలాక ఎవరినీ తీసేయలేదు కానీ, ఆమెను మాత్రం బ్రేకుల దగ్గరి నుంచి సీట్లకు తొడుగులు వేసే చోటికి మార్చారు. తొందరమ్మ ఆ బల్ల దగ్గరే ఉంది. ఫ్యాక్టరీ బస్సులో ఇద్దరూ రోజూ ఎదురుపడతారు. తొందరమ్మ కిటికీ వైపు తిరిగిపోతుందట. పక్క సీటు ఖాళీగా ఉంటే మాత్రం మా కోడలు వెళ్లి అక్కడే కూర్చుంటుందట.