బ్యాటరీకీ స్పేర్ టైరుకీ మధ్య

ఎల్డన్ స్ట్రూప్ ఆ ఉదయం కూడా మూకుడు తూచాడు. ఇనప మూకుడు బరువు రాత్రికి రాత్రి మారదని చెబితే వినే రకం కాదు. పాత తూకం యంత్రాన్ని ట్రైలర్ గుమ్మం ముందున్న చెక్కపలక మీద పెట్టి, ముందు తాను ఒట్టి చేతులతో ఎక్కి దిగాడు. తరవాత మూకుడు పట్టుకుని ఎక్కి, రెండింటికీ తేడా కట్టి, మూకుడు పిడికి అంటించిన కాగితపు టేపు మీది అంకెతో పోల్చుకున్నాడు. అయిదున్నర పౌండ్లు. సరిపోయింది. పెద్ద ఘనకార్యం చేసినవాడిలా తలాడించుకుంటూ లోపలికి వెళ్ళాడు.

అరిజోనా ఎడారిలో మా వరసలో ఆ చలికాలం ఇరవై ట్రైలర్లున్నాయి, బండి వెనక తగిలించి లాక్కుపోయే చక్రాల ఇళ్ళు. నవంబరులో వస్తాం, మార్చి చివర్లో ఎండ కాటు వేయడం మొదలుపెట్టగానే ఉత్తరానికి పోతాం. అందరం పని చేసి చేసి అరిగిపోయినవాళ్ళమే, ఎవరి పిచ్చి వాళ్ళకుంది. ఎల్డన్ పిచ్చిని చూస్తే మాత్రం మిగతా అందరికీ తాము ఎంత తెలివైనవాళ్ళమో అనిపించేది. అతను మాకు చేసిన ఉపకారం అదొక్కటే. మా ఇద్దరి ట్రైలర్లకీ మధ్య పది అడుగుల దూరం. రేకు గోడలు కాబట్టి అక్కడ చెంచా కింద పడినా ఇక్కడ వినిపించేది.

ఇండియానాలో ట్రైలర్లు తయారుచేసే ఒక కర్మాగారంలో అతను ఇరవైతొమ్మిదేళ్ళు ఒకే ఒక్క పని చేశాడు. భోజనాల బల్ల, దానికి అటూ ఇటూ ఎదురెదురుగా రెండు బెంచీలు బిగించడం. గాలి ఒత్తిడితో పనిచేసే తుపాకీతో పిన్నులు కొట్టాలి. బండికి పదకొండు నిమిషాలు. ‘పిన్నులు కొట్టిన బల్ల బల్ల కాదు, రెండేళ్ళకి ఊడి చేతికొస్తుంది’ అని మాకు రోజూ ఉపన్యాసం ఇచ్చేవాడు గానీ, ఆ ముక్క ఇరవైతొమ్మిదేళ్ళలో ఒక్కసారైనా అక్కడి మేస్త్రీతో అన్నాడా అంటే లేదు. నోరు మూసుకుని పిన్నులు కొట్టాడు. పదవీ విరమణ చేశాక అదే కర్మాగారం చేసిన పదహారడుగుల పాత ట్రైలర్ కొన్నాడు. మొట్టమొదట చేసిన పని అందులోని బల్లని, బెంచీలని పీకి మంటలో వేయడం. అవి తన చేతులతో బిగించినవే అయినా ఆశ్చర్యం లేదు.

ఆ తరవాత సోఫా పోయింది, పొయ్యి కింద అలమర పోయింది, స్నానాల గది పోయింది. ఖాళీ అయిన నేల మీద వెల్లకిలా పడుకుని, చేతులు గుండెల మీద పెట్టుకుని, అటూ ఇటూ సుద్దముక్కతో గీత గీసుకుని, ఆ గీతల మధ్యకి మంచం చేసుకున్నాడు. ఇరవైఎనిమిది అంగుళాలు. వంటబల్ల అతని బొడ్డు ఎత్తు. గడ్డం గీసుకునే అద్దం అరచేతి వెడల్పు. అందులో గడ్డం తప్ప ఇంకేమీ కనపడదు. కప్పు తగిలించడానికి ఒక కొక్కెం. మధ్యాహ్నం కంట్లో ఎండ పడుతోందని ఒక కిటికీకి చెక్క కొట్టేశాడు. కూర్చోవడానికి మూతున్న బకెట్టు. బరువు తగ్గుతుందని అరల చెక్కలకి వరసగా చిల్లులు పొడిచాడు. చెంచా నుంచి దుప్పటి దాకా ప్రతిదాని మీదా టేపు, టేపు మీద దాని బరువు. నేనోసారి లోపలికి తొంగి చూసి, “ఇది ఇల్లా, శవపేటికా?” అన్నాను. “శవపేటిక ఈ మంచం కన్నా ముప్ఫై పౌండ్లు ఎక్కువుంటుంది” అన్నాడు. హాస్యానికి అనలేదు, లెక్క చెప్పాడు.

అతని దగ్గర చూడదగ్గది ఏదన్నా ఉంటే అది ఎర్ర ఇనప పెట్టె ఒక్కటే. రంపాలు, ఉలులు, డ్రిల్లు, చిన్నా పెద్దా స్క్రూడ్రైవర్లు. ప్రతి పనిముట్టుకీ చెక్కలో దాని ఆకారానికే గుంట తొలిచి పెట్టుకున్నాడు. ఒక గుంట ఖాళీగా ఉంటే అన్నం తినలేడు. ఎవరైనా సుత్తి అరువడిగితే సుత్తి ఇచ్చేవాడు కాదు, తానే వచ్చి మేకు కొట్టి వెళ్ళేవాడు. ఇంకొకరి పనిముట్లని ముట్టుకునేవాడు కూడా కాదు. అవన్నీ చెత్త అని అతని అభిప్రాయం.

ఇలాంటి మనిషికి ఆర్లిస్ ఎలా తగిలిందో మాలో ఎవరికీ అర్థం కాలేదు. ఆమె డకోటాలో ఒక బడి వంటశాలలో వంట చేసి రిటైరయింది. భర్త పోయాడు. నవ్వితే నాలుగో ట్రైలర్ దాకా వినపడేది. జనవరిలో ఆమె ఇల్లుగా వాడుకునే మోటారు బండి ఇంజను చచ్చిపోయింది. ఎల్డన్ వెళ్ళి, మూత ఎత్తి చూసి, “పోయింది” అని ఒక్క మాట చెప్పి, అక్కడే కూర్చుండిపోయాడు. అప్పటినించి రోజూ సాయంత్రం ఆమె పందిరి కింద పేకాట. ఆమె గంటసేపు మాట్లాడితే ఇతను ఒక ముక్క వేసేవాడు.

ఫిబ్రవరిలో ఒకరోజు ఆమె పేకలు కలుపుతూ, “వేసవికి మోంటానా పోతానంటున్నావుగా. నీ ఇంట్లో రెండో మనిషి కూర్చునే చోటంటూ ఉంటే నేనూ వచ్చేదాన్నే” అంది. సగం సరదాకి అంది. ఎల్డన్‌కి సరదా అంటే ఏమిటో తెలియదు. మర్నాడు పొద్దున్నించే రంపం చప్పుడు మొదలైంది.

ఆ చప్పుడు మూడు వారాలు మమ్మల్ని కాల్చుకు తింది. అంతటితో ఆగలేదు. ఒకరోజు తూకం యంత్రం చంకన పెట్టుకుని ఆమె దగ్గరికి వెళ్ళి, “ఇది సరిగ్గా చూపిస్తోందో లేదో అనుమానంగా ఉంది. ఒకసారి ఎక్కు” అన్నాడు. పిచ్చిది, ఎక్కింది. “అబ్బే, పది పౌండ్లు ఎక్కువ చూపిస్తోందయ్యా. అవతల పారెయ్” అని పడీ పడీ నవ్వింది. అతను అంకె చూసుకుని వచ్చేశాడు.

ఇవన్నీ జరిగాక వచ్చిన రోజిది. ఆర్లిస్ మధ్యాహ్నానికి ఏదో ఒకటి తేల్చాలి. రెండు గంటలకి మా వరసలోని హోస్టెట్లర్ దంపతులు డకోటా బయలుదేరుతున్నారు. ఎల్డన్‌తో మోంటానా పోకపోతే వాళ్ళ బండిలో చెల్లెలి ఇంటికి పోవాలి. ఆ చెల్లెలు ఇచ్చేది నేలమాళిగలో ఒక గది. ఆమెకి అక్కడికి పోవాలని లేదని మా అందరికీ తెలుసు.

మూకుడు తూచిన ఎల్డన్ ఎనిమిది గంటలకి, ట్రైలర్‌ని లాగే తన పికప్ ట్రక్కు వెనక తలుపు దించాడు. ఎర్ర పెట్టెని రెండు చేతులా వాటేసుకుని దింపి, ఇసకలో ఈడ్చుకుంటూ దారి పక్కకి తెచ్చి, దాని మీద అట్టముక్క పెట్టి, ఎగిరిపోకుండా రాయి ఉంచాడు. ‘ఉచితం. అన్నీ పనిచేస్తాయి’ అని రాసి ఉంది. తిరిగి చూడకుండా వెళ్ళిపోయాడు.

వెళ్ళేముందు మోయలేనిది దారి పక్కన పెట్టడం మా ఎడారిలో అలవాటే. కుర్చీలు, పొయ్యిలు, కుక్కల పడకలు పెడతారు. ఎవరికి కావాలంటే వాళ్ళు పట్టుకుపోతారు, ఎందుకు పెట్టావని ఎవరూ అడగరు. ఆ పెట్టెని తీసుకున్నది నేనే. ముసలాడికి పూర్తిగా మతిపోయిందని నవ్వుకుంటూ, ఇంకెవరి కంటా పడకముందే చక్రాల బండి మీద వేసుకుని తెచ్చుకున్నాను. ఉచితమని రాసి పెట్టాక తప్పేముంది?

పదకొండున్నరకి ఆర్లిస్ వచ్చింది. శుభ్రమైన నీలం చొక్కా వేసుకుంది, చేతిలో దాల్చినచెక్క వేసి కాల్చిన రొట్టె. ఎల్డన్ తలుపు తెరిచి పక్కకి జరిగాడు.

లోపల ఒక బల్ల ఉంది. దానికి అటో బెంచీ, ఇటో బెంచీ. ఇద్దరికే సరిపడా, సన్నగా, అంచులన్నీ నున్నగా తోమి ఉన్నాయి. ఒక్క పిన్ను లేదు, అంతా జిగురూ మరలూ. తలలో నాలుగు మూలల గుంట ఉండే స్క్రూ మరలు అవి. ఎంత కుదిపినా వదులవ్వవు, వాటికి సరిపోయే మొన లేకుండా ఊడవు. నా ట్రైలర్ వైపున్న, చెక్క కొట్టేసిన కిటికీని తెరిచాడు. పాత కొక్కెం పక్కన రెండో కొక్కెం ఉంది. తలుపు పక్కన, తన గడ్డం అద్దానికి బాగా దిగువగా, ముఖమంతా కనిపించే అద్దం ఒకటి బిగించాడు.

ఆర్లిస్ దాని ముందు నిలబడి జుట్టు సర్దుకుంది. వంగక్కర్లేదు, మునివేళ్ళ మీద లేవక్కర్లేదు.

“నా ఎత్తు నీకెలా తెలిసిందయ్యా?”

“నువ్వు బయట నిలబడ్డప్పుడు చూశాను. ట్రైలర్ రేకు మీద మూడో గీత దాకా వచ్చావు.”

ఆమె నవ్వింది. నాలుగో ట్రైలర్ దాకా వినపడే నవ్వు కాదు, ఇంకో రకం. బెంచీ మీద కూర్చుని అరచేత్తో బల్ల నిమిరింది. “బాగుంది ఎల్డన్. నిజంగా బాగుంది. కాఫీ పోయనా? కప్పులెక్కడ?” అంటూ లేచి, కొక్కేల వైపు చూడకుండా గోడకున్న అలమర తలుపు తీసింది.

తలుపు లోపలివైపు జాబితా అంటించి ఉంది. పికప్‌లో ఏమేం వెళ్తాయో, ఏది ఎంత బరువో. ఆమె వేలు దాని మీద ఒకచోట ఆగింది. 

“ఇదేంటి?”

“జాబితా.”

“దీంట్లో నేనేంటి?”

“ఎందుకు, తప్పుందా? నూట అరవైమూడే కదా.”

“బ్యాటరీకీ స్పేర్ టైరుకీ మధ్య రాశావా నన్ను?”

“అవి పికప్‌లో ఉండే వరస. ముందు బ్యాటరీ, తరవాత పక్క సీటు, వెనకాల టైరు.”

ఆ జాబితా తరవాత నేనూ చూశాను. బ్యాటరీకీ ఆమె పేరుకీ మధ్య ఇంకో వరస ఉంది. ‘పనిముట్ల పెట్టె, 171’ అని రాసి, స్కేలు పెట్టి తిన్నగా కొట్టేసి ఉంది. దాని చివర చిన్న అక్షరాలతో, ‘మిగిలింది 8, ఆర్లిస్ కుట్టు డబ్బాకి’ అని. ఆ బుల్లి పికప్ మోయగలిగేది అంతే. పెట్టె ఉంటే మనిషి లేదు, మనిషి ఉంటే పెట్టె లేదు. ఆర్లిస్ కన్ను ఆమె పేరు దగ్గరే ఉండిపోయింది. ఎవరి కన్నైనా అంతే. ఒక్క అంగుళం పైన వేలు పెట్టి, ‘ఇది చూడు’ అంటే సరిపోయేది. రెండు మాటలు. ఆ దద్దమ్మ ఏమన్నాడో తెలుసా?

“పెన్సిలుతోనే రాశాను. కావాలంటే చెరిపి కింద రాస్తాను” అన్నాడు.

ఆర్లిస్ అలమర తలుపు నెమ్మదిగా మూసింది. “మా ఆయన ముప్ఫై ఏళ్ళు నన్ను బరువు, బరువు అన్నాడు ఎల్డన్. కానీ పాపం, అంకె వేయలేదు.” అరుపూ లేదు, ఏడుపూ లేదు. బడిలో పిల్లలకి అన్నం అయిపోయిందని చెప్పే గొంతుతో అంది. “రొట్టె వేడిగా ఉంది, తిను” అని మెట్టు దిగింది.

అతను వెనకాల రాలేదు. నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. బల్ల ముందు నిలబడి రొట్టెని చేత్తో లేపి, ఎంతుంటుందో అంచనా కట్టాడు. నాకు వెళ్ళి రెండు లెంపకాయలు వేయాలనిపించింది.

రెండింటికి హోస్టెట్లర్ల బండి మా ముందు నించి వెళ్ళింది. ఆర్లిస్ వెనక సీట్లో, ఒళ్ళో కుట్టు డబ్బా పెట్టుకుని కూర్చుంది. అందరం చేతులూపాం. మోటారు బండిని ఎడారికే వదిలేసింది, వచ్చే చలికాలానికి వస్తుందో రాదో చెప్పలేదు. ఎల్డన్ దారి పక్కన, పొద్దున పెట్టె ఉంచిన చోటే నిలబడి, దుమ్ము అణిగేదాకా చూసి, నా వైపు తిరిగాడు.

“వెనక ఎడం టైరులో గాలి తక్కువుంది” అన్నాడు.

“ఆపరా నాయనా!” అన్నాను. “ఆవిణ్ణి ఎందుకలా పోనిచ్చావు? మనిషిని కాటా మీద పెట్టి రాసుకుంటే ఏ ఆడది ఉంటుంది?”

“చోటు చేశాను” అన్నాడు. తరవాత నన్ను లోపలికి తీసుకెళ్ళి, అలమర తీసి, కొట్టేసిన వరస చూపించాడు. ఆమెకి చూపించాల్సింది నాకు చూపించాడు. ఆ వరస మీద నా చూపు నిలవలేదు. ఎర్ర పెట్టె పది అడుగుల అవతల నా మంచం కింద ఉంది.

సాయంత్రం ఎండ వాలుతుండగా అతని ట్రైలర్లోంచి గీకుతున్న చప్పుడు వచ్చింది. తలుపు బార్లా తెరిచి ఉంది. ఎల్డన్ మోకాళ్ళ మీద కూర్చుని, వెన్న రాసుకునే కత్తి మొనతో బెంచీ మరలు తిప్పుతున్నాడు. తిరగలేదు. నాణెం పెట్టాడు. బొటనవేలి గోరు పెట్టాడు. నాలుగు మూలల గుంట ఉన్న మరలు వాటికి లొంగవని ఈ భూమ్మీద అందరికంటే అతనికే బాగా తెలుసు. ఇరవై ట్రైలర్లలో ఎవరినడిగినా ఇస్తారు. అడగడు. ఒకరి పనిముట్లు చెత్త, అడిగితే మాట్లాడాలి.

నేను మంచం కిందనించి పెట్టె లాగి మూత తీశాను. ఆ మొన ఉన్న స్క్రూడ్రైవర్ దాని గుంటలో తీరుగా పడుకుని ఉంది. తీశాను. చేతిలో పట్టుకుని కాసేపు కూర్చుని, మళ్ళీ అక్కడే పెట్టాను. ఇస్తే బల్ల ఊడదీస్తాడని, అలా ఊడదీయకూడదని ఇవ్వలేదని తరవాత రెండు మూడుసార్లు నాకు నేనే చెప్పుకున్నాను. నిజానికి పెట్టె మంచిది, పోగొట్టుకోబుద్ధి కాలేదు. ఎల్డన్‌ని చూసి నవ్విన నోరు నాది.

గీకుడు ఆగింది. అతను లేచి, కత్తి తుడిచి, ఒక బెంచీ మీద కూర్చుని, ఎదుటి బెంచీని చూస్తూ రొట్టె తిన్నాడు. తినడం అయ్యాక తలుపు వేయడానికి వచ్చి, తలుపు పక్కన ఆగాడు. అద్దాన్ని కూడా ఆ మరలతోనే బిగించాడు. ఆర్లిస్ ముఖం ఉండాల్సిన ఎత్తులో, అందులో ఎల్డన్ చొక్కా రెండో గుండీ కనిపిస్తోంది.