ఒక పిసరు తీపి

బిస్కెట్టును నోట్లో పెట్టుకునే ముందు ఆవిడ దాన్ని చెవి దగ్గర పెట్టి విరుస్తుంది. టప్పుమంటే బాగా కాలినట్టు. చప్పుడు చెయ్యకుండా మెత్తగా విడిపోతే ట్రే వెనక్కి. ఆ తర్వాతే వాసన, ఆ తర్వాతే నాలుక. కిటికీ పక్కన చెక్క బల్ల, దాని మీద మూత పెట్టిన గ్లాసులో గోరువెచ్చని నీళ్ళు, కింద పుక్కిలించి ఉమ్మడానికి చిన్న బకెట్టు. ముప్పైనాలుగేళ్ళుగా ఆవిడ సరే అనకుండా ఈ ఫ్యాక్టరీ నుంచి ఒక్క పొట్లం గేటు దాటలేదు. అందుకే అందరూ నాలుకమ్మ అంటారు. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా కనపడదు.

ఆ నాలుక కోసం ఆవిడ వదులుకున్నవి అన్నీ ఇన్నీ కావు. ఉల్లిపాయ లేదు, పచ్చిమిరపకాయ లేదు, పొగలు కక్కేది ఏదీ లేదు. పెళ్ళయిన కొత్తలో భర్త మురిపెంగా కారం దట్టించి కూర వండితే వేలు కూడా ముంచలేదు. "నీ నాలుకకి ఫ్యాక్టరీయే మొదటి మొగుడు, నేను రెండోవాణ్ణి," అని ఆ దర్జీ మహానుభావుడు ఇప్పటికీ దెప్పుతాడు. దెప్పుతూనే తనూ ఉల్లిపాయ మానేశాడు. అదీ ఆయన వరస.

ఈమధ్య ఆయన పెట్టే టీ కూడా ఆవిడకి చప్పగా ఉంటోంది.

"పంచదార వెయ్యడం మర్చిపోయారా?"

"నాలుగు చెంచాలేశానే తల్లీ! నీ కప్పు చుట్టూ చీమలు క్యూ కట్టాయి, చూసుకో."

పిసినారికి మాటలెక్కువ అనుకుని ఆవిడ ఇంకో చెంచా వేసుకుంటుంది.

ఇవాళ బల్ల మీద రెండు పళ్ళాలున్నాయి. మేనేజరు పొద్దున్నే స్వయంగా తెచ్చి పెట్టింది. ఒకదానిలో ఎప్పుడూ చేసే గుండ్రం బిస్కెట్టు, రెండోదానిలో పంచదార తగ్గించి చేసిన కొత్తది.

"దుకాణాలవాళ్ళు మన పొట్లాలు తిప్పి పంపేస్తున్నారమ్మా. జనం తీపి తక్కువున్నవే అడుగుతున్నారట. అవి చేసే కంపెనీ మూడో షిఫ్టు పెట్టుకుంది. మనమేమో రెండు బట్టీల్లో ఒకటి ఆర్పేశాం. కొత్తది బాగుందంటే పాతది ఆపేస్తాం, రెండూ నడిపే శక్తి లేదు. ఇదీ కుదరకపోతే రెండో బట్టీ కూడా ఆరిపోతుంది. సాయంత్రంలోగా మీ మాట చెప్పండి."

పాతది ఆపేస్తారట! ఆ గుండ్రం బిస్కెట్టు ఆవిడకి కన్నబిడ్డతో సమానం. ఎందరు పిల్లల పాలపళ్ళు దాన్ని కొరుకుతూ ఊడాయో లెక్కే లేదు.

కొత్తదాన్ని విరిచింది. టప్పుమంది. కాల్పుకి వంక పెట్టడానికి లేదు. సగం నాలుక మీద పెట్టుకుంది. వెన్న తెలిసింది, ఉప్పు తెలిసింది. తీపి రాలేదు. కళ్ళు మూసుకుని ఎదురుచూసింది. పుక్కిలించి ఇంకోటి విరిచి చూసింది. ఊహూఁ. గడ్డి నమిలినట్టుంది. తన మాట రాసే కాగితం మీద అడ్డంగా కొట్టేయబోయి, ఎందుకైనా మంచిదని పిండి కలిపే మేస్త్రిని పిలిచింది.

"దీన్లో పంచదార ఎంత పోశావురా తమ్ముడూ?"

"బస్తా పిండికి పధ్నాలుగు డబ్బాలక్కా."

ఆవిడ చెయ్యి ఆగిపోయింది. తను పనిలో చేరిన రోజున అప్పటి మేస్త్రి పైకి లెక్కపెడుతూ పోసినవీ పధ్నాలుగే. ఆ రోజు ఆ బిస్కెట్టు తిని, అబ్బ, ఎంత తియ్యగా ఉందో అనుకుంది.

"మరి పాతదాన్లో?"

మేస్త్రి చేతులకున్న పిండి దులుపుకున్నాడు. "పంతొమ్మిది."

"ఎవడు పెంచమన్నాడు?"

"నువ్వేగా అక్కా. 'ఒక పిసరు తీపి తగ్గింది' అంటావు, నేనో డబ్బా పెంచుతాను. పదేళ్ళనించీ ఇదే వరస. మిల్లువాళ్ళు పంచదార కల్తీ చేస్తున్నారని వాళ్ళకి చీవాట్లు కూడా పెట్టావు."

"నీకు నోరు లేదూ? చెప్పొద్దూ?"

"చెప్తే నువ్వు ఇంటికెళ్ళిపోతావని భయమేసిందక్కా."

ఆవిడకి కప్పు చుట్టూ చేరిన చీమలు గుర్తొచ్చాయి. పాపం, ఆయన నిజమే చెప్పాడు. సిగ్గేసింది. ఆ ఆరిన బట్టీలో తన పాపమెంతో అనుకుంటే సిగ్గుకన్నా ఎక్కువ భయమేసింది.

మధ్యాహ్నం ప్యాకింగ్ ఆడవాళ్ళ భోజనాల బల్ల మీద రెండు పళ్ళాలూ పెట్టి, ఏది ఏదో చెప్పకుండా పక్కన కూర్చుంది. ముఖాలు చూడలేదు. అడిగితే ముఖాలు మొహమాటపడతాయి, చేతులు పడవు. మొదట అందరూ రెండిట్లోంచీ తీసుకున్నారు. ఆ తర్వాత కబుర్లలో పడ్డాక చేతులన్నీ ఒకే పళ్ళెం వైపు వెళ్ళాయి. "ఇది తింటే దాహం వెయ్యట్లేదు వదినా," అంది చివర కూర్చున్న పొడుగాటావిడ. వాళ్ళు లేచేసరికి కొత్తది ఖాళీ. పాతవి ఆరు మిగిలాయి. ఆ ఆరూ ఆవిడ కాగితంలో చుట్టి సంచిలో వేసుకుంది.

మేనేజరు గదిలో నిలబడే సంతకం పెట్టింది.

"కొత్తదే చెయ్యండి. జనం నాలుక మారింది, నిజమే. నా నాలుకా మారిందమ్మా. వాళ్ళు ఇటు నడుస్తుంటే నేను అటు నడిచాను. పాతదాన్ని అంత తీపి చేసింది నేనే."

"అదొక్కటే కారణం కాదమ్మా."

"నా వంతు నాదే కదా. రేపట్నించి నేను రాను. ఆ పొడుగాటావిణ్ణి నా బల్ల దగ్గర కూర్చోబెట్టండి. దాహం సంగతి పట్టుకుంది. ఇన్నేళ్ళలో నాకు తట్టనేలేదు."

బయట మేస్త్రి ఏమీ తెలియనట్టు నిలబడ్డాడు. అతనికి అంతా తెలుసు.

"నీ అన్నం డబ్బాలో ఉల్లిపాయ ఉందా?"

మధ్యాహ్నం తినగా మిగిలిన ముక్క ఇచ్చాడు. ఆవిడ కరకరా నమిలింది. ముక్కు, చెవులు, నడినెత్తి అన్నీ ఒక్కసారిగా లేచాయి. కళ్ళు ధారకట్టాయి.

"ఉల్లిపాయకి ఏడ్చిందని చెప్పు అందరితో," అంది.

గేటు దగ్గర దర్జీ సైకిలుతో ఎదురుచూస్తున్నాడు.

"ఏమిటే, ఉల్లిపాయ వాసన?"

"తిన్నాను."

ఆయన కాసేపు హ్యాండిల్ మీద దుమ్ము తుడిచాడు. "అయితే ఇవాళ కూరలో కారం దట్టించనా?"

"దట్టించండి. టీలో మాత్రం పంచదార ఒక్క చెంచా చాలు. మీ చీమల్ని వేరే ఇల్లు చూసుకోమనండి."

సైకిలు మలుపు తిరిగింది. లోపల కిటికీ పక్క బల్ల మీద, మూత పెట్టిన గ్లాసులో నీళ్ళు చల్లారిపోయాయి, దాని పక్కనే పొద్దున చెవి దగ్గర విరిచిన బిస్కెట్టులో రెండో సగం అలాగే ఉంది.